ముప్ఫై మూడు అడుగుల డొంక

జనవరి 20

వచ్చింది. పద్నాలుగు నెలల తర్వాత, ఏడు అర్జీల తర్వాత, సమాచార హక్కు కింద మూడు దరఖాస్తుల తర్వాత వచ్చింది. మా ఊళ్లో చేలకు పోయే తూర్పు డొంకను పాత పటం ప్రకారం కొలిచి, చేలవాళ్లు కలుపుకున్న జాగా గుర్తించి, రెండు వైపులా రాళ్లు పాతమని ఉత్తర్వు. నాలుగుసార్లు చదువుకున్నాను. మా ఆవిడ రాజ్యానికి పైకి చదివి వినిపించాను. మిరపకాయల్లో తాలు ఏరుతూ "మంచిదేగా" అంది. ఆమెకు ఏదీ ఓ పట్టాన గొప్పగా కనపడదు.

ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టినవాణ్ణి. ఒక్కరోజు కూడా సంచిలో తేడా రానివ్వలేదు. రిటైరై పూర్తిగా ఊళ్లో కూర్చుని చూస్తే డొంక లేదు. నా చిన్నప్పుడు రెండు ఎడ్లబళ్లు ఎదురైతే ఏదీ పక్కకు తప్పుకోనక్కర్లేకుండా పోయేవి. ఇప్పుడు ట్రాక్టరు దూరదు. డొంక చివర ఇమ్మానియేలు వాళ్లవి, నలభై కుటుంబాల చేలున్నాయి. కాయ కోసి కిలోమీటరు నెత్తిన మోసుకొస్తారు. నిరుటికి ముందేడు అకాల వానకు ఇమ్మానియేలు కల్లంలో ఎండబోసిన కాయంతా తడిసి నల్లబడిపోయింది. ట్రాక్టరు పోయే దారి ఉంటే గంటలో ఇల్లు చేరేది. ఆ నల్లబడ్డ కాయ కళ్లలోంచి పోక మొదటి అర్జీ రాశాను.

ఆఫీసులో ఒకాయన "కాఫీ ఖర్చులు చూసుకుంటే ఫైలు కదులుద్దండీ" అన్నాడు. నేను కాఫీ తాగనన్నాను. అందుకే పద్నాలుగు నెలలు. కంచే చేను మేస్తుంటే ఇక ఎవరికి చెప్పుకోవాలి?

జనవరి 22

సర్వేయరమ్మ వచ్చింది. భానుశ్రీ అట, పర్చూరు పిల్ల, పాతికేళ్లుండవు. ముఖానికి చున్నీ చుట్టుకుని స్కూటీ మీద దిగింది. కొలిచే గొలుసు తెస్తుందనుకున్నాను. తెచ్చింది ఒక నిలువు కర్ర, దాని నెత్తిన తెల్లటి పుట్టగొడుగులాంటి డబ్బా.

"ఇదేంటమ్మా?"

"రోవరండి బాబాయ్ గారూ. పైన శాటిలైట్లుంటాయి కదా, వాటితో మాట్లాడుద్ది."

"ఎన్నిటితో?"

ఫోను చూసుకుని "ఇప్పుడైతే ఇరవై ఆరండి" అంది.

తలెత్తి చూశాను. ఎండ తప్ప ఏమీ లేదు. నల్లరేగడిలో, మిరప సాళ్ల పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ ఈ పిల్లతో ఆకాశంలోంచి ఇరవై ఆరు మాట్లాడుతున్నాయి. తేడా ఎంత వస్తుందని అడిగితే రెండు సెంటీమీటర్లంది. అంటే వేలి మందం. దేవుడైనా ఇంత దగ్గరగా చూస్తాడో లేదో.

పాత పటంలో డొంక ముప్ఫై మూడు అడుగులు. ఎప్పుడో తెల్లదొరల కాలంలో ఎవరో గొలుసు లాగి గీసిన గీత. దాన్ని ఫోనులో ఈ పిల్ల గీత మీద పెట్టి చూపించింది. రెండూ అతికినట్టు సరిపోయాయి. వందేళ్లు నాన్నలూ తాతలూ పుట్టి పోయారు, గీత మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. కదిలింది మేము.

రోడ్డు వైపు నుంచి మొదలుపెట్టింది. మొదటి చేను డొంకలోకి నాలుగడుగులు వచ్చింది. రెండోది ఐదు. అవతలి వైపు కోటేష్‌ది ఆరు. కోటేష్ నాకు వరసకు బావమరిది. అన్నీ నా నోటుబుక్కులో రాసుకున్నాను. వాడు గట్టెక్కి "మిషను తప్పు చూపిస్తా ఉంది" అని ఒకటే అరుపులు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. నవ్వాగలేదు.

రేపు మా చేను.

జనవరి 23

రాయబుద్ధి కావడం లేదు. ఎండ ఎక్కువగా ఉంది.

జనవరి 24

పద్నాలుగు అడుగులు.

మూడుసార్లు కొలవమన్నాను. మూడుసార్లూ పద్నాలుగే. డొంక పొడుగునా అందరికంటే ఎక్కువ లోపలికి వచ్చింది మాదే. ఐదు సాళ్ల మిరప, చేను ఈ చివర నుంచి ఆ చివరి దాకా, డొంకలో ఉంది. మా చేను దగ్గర దారి పదమూడు అడుగులు మిగిలింది. ట్రాక్టరు దూరనిది సరిగ్గా అక్కడే. ఆ పదమూడులో నడిమి సగం పాత బండి జాడ గోతులే, పక్కకు ఒత్తి పోదామంటే మా గట్టు. నేనేమో మా చేను దగ్గర మాత్రం గోతుల వల్లే ట్రాక్టరు రావడం లేదని ఏడు అర్జీల్లోనూ రాశాను.

భానుశ్రీ తలొంచుకుని అంకె నొక్కుకుంది. కోటేష్ మాత్రం అవతల గట్టు మీద గొంతుక్కూర్చుని "బావా, నోటుబుక్కులో రాసుకున్నావా?" అన్నాడు.

రాసుకోలేదు. ఇక్కడ రాస్తున్నాను.

జనవరి 25

నాన్న హయాంలో జరిగి ఉంటుంది. ఆయనకు మట్టి మీద ఆశ ఎక్కువ. నేనా, ముప్ఫై ఏళ్లు బస్సులో ఉన్నవాణ్ణి.

జనవరి 26

హైస్కూల్లో జెండా వందనం. 'అవినీతి: కారణాలు, నివారణ మార్గాలు' అని మాట్లాడాలి. నెల కిందటే ఒప్పుకున్నాను, తప్పుకుంటే బాగుండదు. మాట్లాడాను. కారణాలు ఆరు చెప్పాను. ఆశ, భయం లేకపోవడం, పైవాణ్ణి చూసి కిందివాడు నేర్చుకోవడం, ఇంకా మూడు. నివారణకు గట్టి చట్టాలు, వెంటనే శిక్షలు, మనిషి చెయ్యి పడని యంత్రాలు. బాగా వచ్చింది. గొంతు కూడా ఎక్కడా తడబడలేదు. హెడ్‌మిస్ట్రెస్ జహీరున్నీసా గారు శాలువా కప్పి "మా పిల్లలకు మీలాంటివాళ్లే ఆదర్శమండీ" అన్నారు. శాలువా పల్చటిదే.

ప్రశ్నలుంటే అడగమన్నారు. తొమ్మిదో తరగతి పిల్ల లేచి, "సార్, తప్పు చేసేవాళ్లకి తాము తప్పు చేస్తున్నట్టు తెలుసుద్దా సార్?" అంది.

"తెలుస్తుందమ్మా. ఎందుకు తెలియదు?" అన్నాను. చప్పట్లు కొట్టారు.

జనవరి 27

ఆ పిల్లకు తప్పు చెప్పాను. తెలియదు.

నాన్న పోయిన ఏడు మా పత్తి ఎత్తడానికి లారీ చేను దాకా వచ్చింది. నాకు బాగా గుర్తు. లారీ అక్కడే వెనక్కి తిరిగి కూడా వెళ్లింది. అంటే నాన్న తినలేదు.

గట్టు చెక్కడం దొంగతనమని మా వైపు ఎవరూ అనుకోరు. మే నెలలో ఒక వాన పడి నేల మెత్తబడ్డాక, గట్టు మీద గడ్డీ ముళ్లూ తీసేసి, లోపలి వైపు పారతో నున్నగా చెక్కి, ఆ మట్టి బయటి వైపు వేసి తట్టడమే. శుభ్రం చేయడమే అది. చెక్కని వాణ్ణి సోమరిపోతంటారు. చెక్కిన ప్రతిసారీ గట్టు నాలుగు వేళ్లో, జానెడో బయటికి జరుగుతుంది. ఎదుటి చేనువాడూ అదే పని చేస్తుంటాడు గనక ఎవరూ ఎవరినీ అడగరు. ఏటా మే నెలలో వారపు సెలవు రోజున నేను వచ్చి చేసిన పని ఇదే. దాన్ని పని అని కూడా అనుకోలేదు, బస్సులో పడ్డ నడుముకు వ్యాయామం అనుకున్నాను. చెక్కాక గట్టు చూసుకుంటే ఎంత తృప్తిగా ఉండేదో!

లెక్క వేశాను. ఏడాదికి అరడుగు కూడా పడదు. అరడుగు కూడా లేనిదాన్ని ఎవరైనా దొంగతనం అంటారా? అయినా గట్టు పద్నాలుగు అడుగులు నడిచింది. ఎవరూ నడవడం చూడలేదు. డొంకకు అటూ ఇటూ చేలున్న పదహారు మంది రైతుల్లో ఒక్కడూ దొంగ కాడు, ఊళ్లో ఒక డొంక మాత్రం మాయమైంది. తిలా పాపం తలా పిడికెడు. సిగ్గుపడాలని తెలుసు. కానీ సిగ్గు కంటే ముందు ఆశ్చర్యం వేస్తోంది. ఎంత పెద్ద పనిని ఎంత చిన్నచిన్నగా చేశాం! కొండను తవ్వమంటే ఇంత ఓపిగ్గా తవ్వేవాళ్లమా?

జనవరి 29

భానుశ్రీని కలిసి వచ్చాను. ఊరి సచివాలయంలో ఒక్కతే ఉంది. రాజ్యం పెట్టిన పండుమిరప పచ్చడి ఒక జాడీ తీసుకెళ్లాను. ఊరికే. పరాయి ఊరి నుంచి వచ్చి ఒంటరిగా గది తీసుకుని ఉంటున్న పిల్ల.

కాసేపు ఎండల గురించి మాట్లాడాను. తర్వాత, మా చేను దగ్గర రాయి కాస్త వంపుగా పడితే నష్టం ఏముందమ్మా అన్నాను. మొత్తం కాదు. ఒక రెండు సాళ్లు. డొంకకు ఇరవై ఏడడుగులు మిగిలినా చాలు కదా, ట్రాక్టరుకు అంత ఎందుకు?

ఆ పిల్ల కోప్పడలేదు. సొరుగులోంచి ఒక కాగితం తీసింది. నా ఐదో అర్జీ నకలు. మడతలు పడి నలిగి ఉంది.

"ఇది మా బ్యాచ్ వాళ్లందరికీ ఫోటో తీసి పంపానండి బాబాయ్ గారూ. ఈ లైను చూడండి. 'ఎవరి మొహమూ చూడకుండా, ఒక్క అంగుళమూ ఉపేక్షించకుండా.' ఉద్యోగంలో చేరి ఏడాదిన్నరైంది. అందరూ ఇక్కడ కొంచెం ఇటు జరుపు, అక్కడ కొంచెం అటు జరుపు అనేవాళ్లేగానీ, అంగుళం వదలొద్దని రాసినాయన మీరొక్కరే. ఏడుపొచ్చిన రోజు తీసి చదువుకుంటానండి."

కాగితం ఆ పిల్ల వైపే తిప్పి పెట్టాను.

"వంపు పెట్టమంటే పెట్టలేనండి, కొలత అప్పుడే పైకి వెళ్లిపోయింది. కావాలంటే ఈ కాగితం కిందే రాసివ్వండి, మా పై ఆయనకి పంపిస్తా" అని పెన్ను ఇచ్చింది. వెటకారంగా కాదు. నిజంగానే ఇచ్చింది.

పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేసి వచ్చాను. జాడీ కూడా నాతోనే ఇచ్చి పంపింది. "అమ్మ పంపిన పచ్చడి ఉందండి" అంది.

జనవరి 30

అది లంచం కాదు. పచ్చడి.

జనవరి 31

పచ్చడి ఈ ఏడు చేదుగా ఉంది. రాజ్యం బాగానే ఉందంటోంది.

ఫిబ్రవరి 2

నోటీసు అంటించారు. పదో తేదీన రాళ్లు పాతుతారు. అభ్యంతరాలు ఏడో తేదీ లోపల ఇవ్వాలి.

పొద్దున్నే కోటేష్ వచ్చాడు. పది రోజుల నుంచి మాటల్లేవు, ఇప్పుడు నవ్వుకుంటూ వచ్చాడు. "ఏం బావా, ఇద్దరం ఒకే పడవెక్కాం. పదహారు మందిమి సంతకాలు పెడతాం, అర్జీ నువ్వు రాయి. నువ్వు రాస్తే జడ్జీలు లేచి నిలబడాల. అభ్యంతరం పడితే ఫైలు పైకి పోద్ది. పైకి పోయింది కిందికి దిగేసరికి పదేళ్లు. అప్పటికి చూసుకోవచ్చు."

"ఇమ్మానియేలు వాళ్లు పదేళ్లూ నెత్తిన మోసుకోవాలా? తప్పు కాదురా?"

"నీ పద్నాలుగుకి లేని తప్పు నా ఆరుకి ఎక్కణ్ణించి వచ్చింది బావా?"

వాడు వెళ్లాక రాశాను. ముసాయిదా మాత్రమే. ఇస్తానని కాదు. రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని. మూడు పేజీలు వచ్చింది. 'అనాదిగా మా అనుభవంలో ఉన్న భూమి' అన్న ముక్క బాగా పడింది. నా ఏడు అర్జీల కంటే ఇదే బాగుంది.

ఫిబ్రవరి 3

అలవాటు చొప్పున రాజ్యానికి చదివి వినిపించాను. ఈసారి మంచిదేగా అనలేదు.

"అనాదిగా అంటే ఎప్పట్నించండీ?"

"చాలా కాలంగా అని."

"పోయిన మే నెల్లో కూడా చెక్కారుగా. మజ్జిగ తెచ్చిచ్చింది నేనేగా."

పోయిన మే నెల. అప్పటికి డొంక ఆక్రమణ మీద మూడో అర్జీ వెళ్లి ఉంది. పొద్దున పోస్టాఫీసుకు వెళ్లి రిజిస్టరు చేసి, ఎండ ఎక్కకముందే చేనుకు వెళ్లి పార పట్టుకున్నానేమో కూడా. ఎంత ఆలోచించినా గుర్తు లేదు. ఒక చెయ్యి అర్జీ రాస్తుంటే ఇంకో చెయ్యి గట్టు చెక్కింది, ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. నా ఒంట్లోనే ఇంత జరుగుతుంటే నాకు తెలియలేదంటే ఇక ఆ ఆఫీసులో కాఫీ ఖర్చులు అడిగినాయన్ని ఏమనాలి?

రాజ్యం ఇంకోమాట కూడా అంది. "నేను మాత్రం చూళ్లేదా? ఏటా ఇంకో సాలు పడుద్దిలే అని ఊరుకున్నా. మీ ఒక్కరి పేరే రాసుకోబాకండి."

ఫిబ్రవరి 5

ఈరోజు జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి.

పొద్దున తొమ్మిదింటికి ముసాయిదా ముందు పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. ఇమ్మానియేలు వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. కుర్చీ వేశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ వెయ్యలేదని, వేశాక గుర్తొచ్చింది. కాసేపు దాన్ని చూసి కూర్చున్నాడు.

"కండక్టరు గారూ, ఒక అర్జీ రాయాలండి."

మా మీదే అనుకున్నాను. న్యాయమే. "ఎవరి మీద?" అన్నాను.

"నా మీదేనండి."

అర్థం కాలేదు.

"సర్వేయరమ్మ డొంక చివరిదాకా రాలేదండి. ఆర్డర్లో రాసిన సర్వే నంబర్లు మీ చేల దగ్గరికే ఐపోయినయ్యంట. అవతల మావి కొలవలా. మావి కూడా కొలవాలండి. నేను మూడడుగులు జరిపా. మా తమ్ముడు రెండు. మావోళ్లందరం తలా కాస్త జరిపాం."

"అది నీ దారేగా ఇమ్మానియేలూ. నీ దారి నువ్వే తిన్నావా?"

"అందరూ తింటా ఉంటే నేనొక్కణ్ణీ పస్తుండేదేందిలే అనుకున్నానండి" అని నవ్వాడు. నవ్వి ఊరుకోలేదు. "కాయ తడిసిన ఏడు మిమ్మల్నందర్నీ పేరుపేరునా తిట్టుకున్నా. తప్పైతే తప్పేనండి, తిట్టా. మొన్న ఆ పిల్ల కర్రతో కొలుస్తా ఉంటే చూసి, ఊరుకోలేక మా గట్టు కాడికి పోయి అడుగులేసి చూశా. మూడు. ఇంక ఆ రోజు నించి తిట్టబుద్ధి కాలా."

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆర్డర్లో కూడా లేదు."

"అదేనండి భయం. రాళ్లు మీదాకా పాతి మా కాడ ఆపేస్తే రేపు ఊళ్లో ఏమంటారు? వాళ్లవి మాత్రం వదిలేశారంటారు. ఆ ఒక్కమాట చాలండి. వచ్చే మేలో ఒకాయన పార తీస్తాడు, ఆయన్ని చూసి ఇంకొకాయన తీస్తాడు. మీ మీద ప్రేమతో కాదండి నేనొచ్చింది. డొంక నిలబడాలంటే మాది కూడా కొలవాల."

కారణాలు ఆరు, నివారణలు మూడు చెప్పి శాలువా కప్పించుకున్నవాణ్ణి. ఈ మాట నా ప్రసంగంలో లేదు. అందరికంటే నష్టపోయినవాడు, అందరికంటే తక్కువ తిన్నవాడు, ముందు నన్ను కొలవండి అని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"మొక్కలు ఎప్పుడు తీస్తావు మరి?" అన్నాను.

"నిన్ననే పీకేశామండి. రెండో కోతయ్యాక పీకుదామంది మా ఆవిడ. అప్పటిదాకా ఆగితే బుద్ధి మారుద్దేమోనని భయమేసింది. ఎర్రబడ్డ కాయ కోసుకుని, మిగతాది కాయతోనే పీకేశాం."

అర్జీ రాశాను. 'ఆక్రమించినవారు' అన్నచోట ఏం రాయాలని అడిగితే "నా పేరే రాయండి, కొండేటి ఇమ్మానియేలు, ఇంటిపేరుతో సహా" అన్నాడు. అలాంటి అర్జీ నా జన్మలో రాయలేదు. కింద అట్టగా పెట్టుకున్నది కోటేష్ అడిగిన ముసాయిదా.

"ఆ కింద ఉందేందండి?" అన్నాడు.

"ఏదో పాత కాగితం" అన్నాను.

చదివి వినిపించాక సంతకం పెట్టి, నమస్కారం చేసి వెళ్లిపోయాడు. నేను లేచి నిలబడ్డానని అతను వీధి మలుపు తిరిగాక గమనించాను.

ఫిబ్రవరి 6

ఇమ్మానియేలు కూర్చున్న కుర్చీ వరండాలోనే ఉంది. లోపల పెట్టనా అని రాజ్యం అడిగింది. ఉండనివ్వమన్నాను.

ఫిబ్రవరి 7

కోటేష్ తొమ్మిదిసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ముసాయిదా పొయ్యిలో పెట్టాను. మూడు పేజీలే కదా, అయినా చాలాసేపు కాలింది.

సాయంత్రం తెలిసింది, కోటేష్ ఇంకో ఇద్దరితో కలిసి తనే ఏదో రాసి ఇచ్చాడట. మిగతావాళ్లు కండక్టరు పానకాలు సంతకం లేనిదే మేం పెట్టమన్నారట. నా సంతకానికి ఇంత విలువుందని తెలిసి సంతోషపడాల్సింది. పడలేకపోయాను.

ఫిబ్రవరి 9

నేనూ రాజ్యం పొద్దున్నే చేనుకు వెళ్లాం. కూలీలను పిలవొద్దంది. ఐదు సాళ్లూ విరగ్గాశాయి ఈ ఏడు. ఎర్రవి కోసి, దోరవీ పచ్చివీ మొక్కకే ఉండగా పీకడం మొదలుపెట్టాం. నారు పోసింది, నాటింది, నల్లికి మందు కొట్టించింది, నీళ్లకు రాత్రీ పగలూ తిరిగింది ఆమె. నేను బస్సు దిగి వచ్చి గట్టు చెక్కి పోయినవాణ్ణి. ఒక్కో మొక్కా వేళ్లతో లేస్తుంటే నేను మధ్యమధ్య ఆగిపోతున్నాను. ఆమె ఆగలేదు. మొక్క పట్టుకోవడం, ఊపి లాగడం, పక్కన పడెయ్యడం. మధ్యలో ఒకసారి మాత్రం ఒక మొక్క దగ్గర కూర్చుని దాని కాయలన్నీ, పిందెలతో సహా, ఒళ్లోకి కోసుకుంది. ఆ మొక్కే ఎందుకో చెప్పలేదు. నేను అడగలేదు.

నలభై ఏళ్ల కాపురంలో ఈమె ఎవరో నాకు ఈరోజే పరిచయమైనట్టుంది.

ఘాటుకు ఇద్దరికీ తుమ్ములూ కన్నీళ్లూ. ఎవరి కన్నీళ్లు ఎందుకో ఎవరికి తెలుసు.

ఫిబ్రవరి 10

రాళ్లు పాతారు. ఇమ్మానియేలు అర్జీ చూసి భానుశ్రీ వాళ్ల పై ఆయనకు ఫోన్ చేసి చదివి వినిపించింది. ఆయన ఒప్పుకున్నాడు. డొంక చివరిదాకా కొలిచింది. ఇమ్మానియేలు మూడన్నాడు, రెండడుగుల పది అంగుళాలు వచ్చింది. "మీరే రెండంగుళాలు ఎక్కువ చెప్పారు బాబాయ్ గారూ" అని ఆ పిల్ల నవ్వితే, "ఉంచండమ్మా, మూడడుగులు పీకేశాంగా" అన్నాడు.

కోటేష్ చేలో రాయి అతని మిరప సాళ్ల మధ్య పడింది. "కేసు తేలేదాకా మొక్కలు ముట్టుకోనండి, రాయి మాత్రం పాతుతా" అంది భానుశ్రీ. వాడు నా వైపు కూడా చూడలేదు.

అందరూ వెళ్లాక, కోటేష్ చేను దాటి డొంక మధ్యలో నిలబడ్డాను. ముప్ఫై మూడు అడుగులంటే నాకు అర్జీలో అంకెగానే తెలుసు. నిలబడితే గానీ తెలియలేదు. రెండు చేతులు చాపాను. ఏమీ తగల్లేదు. ఇంత చోటు మా మధ్యే ఉంది. మా గట్ల కింద, మా సాళ్ల కింద, ముప్ఫై ఏళ్లుగా ఎక్కడికీ పోకుండా పడి ఉంది. గుళ్లో నిలబడ్డట్టు ఎంతసేపో నిలబడ్డాను. చెప్పులు విప్పలేదు గానీ విప్పాలనిపించింది.

మార్చి 14

మధ్యాహ్నం మూడింటికి ఒంగోలు వైపు నుంచి మబ్బు పట్టింది. మూడున్నరకు రెండు ట్రాక్టర్లు డొంకలోకి వెళ్లాయి. కేసు వేసిన కోటేష్ వాళ్ల ముగ్గురి చేల దగ్గర కొంచెం పక్కకు ఒత్తి, మిగతావాళ్లు మొక్కలు తీసేశారు గనక తక్కినదంతా తిన్నగా. నాలుగున్నరకు వాన. అప్పటికే ఇమ్మానియేలు వాళ్ల కాయ మొత్తం ఇళ్లల్లో ఉంది.

వానలో వరండాలో కూర్చుని చూస్తూ ఉండిపోయాను. రాజ్యం వచ్చి పక్కన కుర్చీలో కూర్చుంది.

ఏప్రిల్ 3

కోటేష్ ఎదురైతే మొహం తిప్పుకుంటున్నాడు.

మే 17

మొన్న వాన పడింది. నేల మెత్తబడింది. పార తీసుకుని కొత్త గట్టు సరిచెయ్యడానికి వెళ్లాను. గడ్డి తీసి, లోపలి వైపు చెక్కి, మట్టి బయట వేసి తడుతున్నాను. హాయిగా ఉంది. ఏదో కూనిరాగం కూడా తీస్తున్నాను. తలెత్తి చూద్దును కదా, గట్టు రాయి దాటి నాలుగు వేళ్లు డొంకలోకి వచ్చింది.

పార కింద పడేసి కూర్చుండిపోయాను. ఇన్ని అనుకుని, ఇంత పీకి, మళ్లీ. నాకు దురాశ లేదు, ఆ నాలుగు వేళ్లలో ఒక మొక్క కూడా పట్టదు. చెయ్యి దానంతట అదే పోయింది. నా చెయ్యి నాకు తెలిసినంత దొంగ మాత్రమే కాదు, అంతకంటే పెద్ద దొంగ. నాలో నాకే తెలియనివాడు ఒకడున్నాడని చూసి భయమూ ఆశ్చర్యమూ కలిసి వచ్చాయి.

మట్టి వెనక్కి లాగాను. కానీ వచ్చే ఏడు? ఆ పై ఏడు? ఎవరి గట్టు వాళ్లు చెక్కుకున్నంత కాలం డొంక నిలవదు.

మే 18

కోటేష్ ఇంటికి వెళ్లాను. గొడ్లకు చొప్ప వేస్తున్నాడు.

"నా గట్టు నువ్వు చెక్కాలిరా" అన్నాను.

పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. నిన్న జరిగింది మొత్తం చెప్పాను, కూనిరాగంతో సహా. "నా చేతిని నేను నమ్మలేను. నువ్వంటే నమ్మకం. నా మీద కోపమున్నవాడివి, అంగుళం కూడా నాకు వదలవు."

చొప్ప కింద పడేశాడు. "కేసు ఆరడుగుల కోసం ఏశాననుకున్నావా? పదహారు మందికి మాటిచ్చా నీ మీద నమ్మకంతో. చెప్పాపెట్టకుండా ఫోనెత్తకుండా కూచున్నావు. ఒక్కమాట, కోటేషూ నేను పీకుతున్నా అంటే నేనూ పీకేవాణ్ణి కాదా?" అని ఊరంతా వినపడేట్టు అరిచాడు. పీకేవాడో కాదో నాకు తెలియదు. కానీ ఆ మాట చెప్పకపోవడం నా తప్పే. చెప్పాను, తప్పేనని.

అరుచుకుంటూనే పార తీశాడు.

"అక్కడ నిలబడు. నువ్వు నోరు తెరవబాక" అన్నాడు. నిలబడ్డాను. రాయికీ రాయికీ మధ్య తాడు లాగి కట్టాడు. కసిగా చెక్కుతున్నాడు. ఆ ఊపుకు పార లోపలికి దిగితే నా చేను రెండడుగులు పోతుంది, నేను అడగలేను, నోరు తెరవనని ఒప్పుకునే నిలబడ్డాను. తాడు దాకా వచ్చాడు. ఆగాడు. పార తిరగేసి వెనక వైపుతో గట్టు తట్టి నున్నగా చేశాడు. తాడు మీద వెంట్రుకవాసి మట్టి పడితే వేలితో తుడిచాడు.

"ఇంత వరకూ నీది. ఇక్కణ్ణించి డొంకది" అన్నాడు.

శాటిలైట్లు ఇరవై ఆరు చూసి చెప్పిన గీత దగ్గర, నా మీద పీకలదాకా కోపమున్న మనిషి, ఎవరూ చెప్పకుండా ఆగాడు. ఆ రోజు తలెత్తి ఆకాశం చూసినట్టే ఇవాళ వాడి మొహం చూశాను.

పార భుజాన వేసుకుని, "రేపు నా గట్టుకి నువ్వు రా. పార తెచ్చుకో" అన్నాడు.

"కేసో మరి?"

"కేసు కేసే, గట్టు గట్టే."

వాడి గట్టు ఇప్పుడున్న చోటు నుంచి రాయి దాకా ఆరడుగులు. అంతా నా చేతికి ఇచ్చాడు. వాడు పక్కనే నోరు మూసుకుని నిలబడతానన్నాడు. నా చెయ్యి బావమరిది కదా అని మొహమాటపడి రాయికి ముందే ఆగుతుందో, పాత ఎకసెక్కాలు గుర్తొచ్చి రాయి దాటిపోతుందో నాకు తెలియదు. ఈ వయసులో ఒక పార పని తలచుకుని ఇంత భయపడతానని ఎన్నడూ అనుకోలేదు.

మే 19

రాయి దగ్గర ఆగింది.